ఎక్కడ లేచారు?

(తెనాలిలో మా ఫిల్మ్ క్లబ్బును నడిపిన మాస్టారి జ్ఞాపకార్థం చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసం అంటే పోయినవారి గుణగణాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. మాస్టారికి అది గిట్టదు. ఒకసారి వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోతే "నాకెందుకయ్యా, ఆ ప్రొజెక్టరు మీద కప్పు, దుమ్మన్నా పడకుండా ఉంటుంది" అన్న మనిషి. ఇవాళ ఆయన్ని పొగిడితే ఎక్కడో కూర్చుని విసుక్కుంటారని నా భయం. కాబట్టి ఆయన వదిలిపెట్టిపోయిన ఒక వస్తువు గురించి మాట్లాడతాను. ఇదిగో, ఈ పద్దు పుస్తకం. కిరాణా కొట్లో అరువులు రాసుకునే రకం, పొడుగ్గా, ఎర్ర అట్టతో.

మాస్టారు లెక్కలు చెప్పేవారని మీలో చాలామందికి తెలుసు. సినిమా మొదలయ్యాక లోపల కూర్చునేవారు కాదు. తలుపు దగ్గర మడత కుర్చీ వేసుకుని, అక్కణ్ణించే తెరని ఓ కంట చూస్తూ ఉండేవారు. మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళని ఆపేవారు. "ఎందుకు పోతున్నావురా" అని అడిగేవారు కాదు. "ఎక్కడ లేచావు?" అని అడిగి, చెప్పింది ఈ పుస్తకంలో రాసుకునేవారు. ఎందుకని అడిగితే ఇంట్లో చుట్టాలొచ్చారంటారు, తలనొప్పంటారు. ఎక్కడ అంటే మాత్రం నిజమే చెబుతారట. లెక్క తప్పిన పిల్లవాణ్ణి కూడా ఆయన అంతే, తప్పెందుకు చేశావని ఏనాడూ అడగలేదు, ఏ మెట్టు దగ్గర తేడా వచ్చిందో చూపించమనేవారు.

ఈ పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ పేర్లు పడిన రాత్రి ఒకటుంది. ఒకటిన్నర పేజీ నిండింది. ఆ రాత్రి వేసిన సినిమా జిమ్ జార్ముష్ తీసిన ‘డెడ్ మ్యాన్’. నేరం నాదే. హైదరాబాదు వెళ్ళినప్పుడు డీవీడీ సంపాదించుకొచ్చి, "మాస్టారూ, కౌబాయ్ సినిమా" అని ఒక్క ముక్క చెప్పి వేయించాను. ఆ ముక్క ఊళ్ళోకి పాకింది. పాకదూ మరి! కృష్ణగారి ఊరు బుర్రిపాలెం మనకెంత దూరం? 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణగారు టోపీ పెట్టి గుర్రమెక్కినప్పటినుంచీ ఈ చుట్టుపక్కల కౌబాయ్ అంటే మన పొరుగూరి కుర్రాడే. ఆరుద్ర కథ రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ తీశారు, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టారు. ‘ట్రెజర్ హంట్’ అని పేరు మార్చి ఇంగ్లీషులోకి కూడా తీసుకెళ్ళారు. అలాంటి ఊళ్ళో కౌబాయ్ సినిమా అంటే కుర్చీలు చాలలేదు. ముందు వరస చాప మీద కూర్చుంది.

రెండు గంటల తరవాత దీపాలు వేస్తే సగానికి పైగా ఖాళీ కుర్చీలే.

చూడనివారి కోసం కథ చెబుతాను. క్లీవ్‌లాండ్‌లో జమాఖర్చులు రాసే విలియం బ్లేక్ అనే కుర్రాడు, తల్లిదండ్రులు పోయి, చేసుకోబోయే పిల్ల మనసు మార్చుకుని, ఉన్న డబ్బు రైలు ఛార్జీకి పెట్టి, ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం పట్టుకుని పడమటికి పోతాడు. పట్టాలు ఆగిపోయే చోట ఒక ఊరు, పేరు ‘మెషీన్’. అక్కడి లోహాల కర్మాగారంలో ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు. ఆ రాత్రి కాగితపు పూలు చేసే ఒక అమ్మాయి గదిలో తలదాచుకుంటే, ఆమె పాత ప్రియుడు వచ్చి కాలుస్తాడు. గుండు ఆమెలోంచి దూసుకొచ్చి బ్లేక్ రొమ్ములో దిగుతుంది. బ్లేక్ తిరిగి కాలుస్తాడు. చచ్చినవాడు కర్మాగారం యజమాని కొడుకు. ఇక వెంట వేటగాళ్ళు, చెట్లకు బొమ్మతో సహా వెల ప్రకటనలు. అడవిలో స్పృహ తప్పిన బ్లేక్‌ను ఒక మూలవాసి లేవదీస్తాడు, కత్తితో గుండు తీయబోతాడు, అది గుండెకు మరీ దగ్గరగా ఉంది, రాదు. అంటే సినిమా అరగంట దాటేసరికి మనకు తెలిసిపోయింది, హీరో పోతాడు. మిగిలిన సినిమా అంతా ఆ పోవడమే.

ఆ మూలవాసి తనని ‘నోబడీ’ అనుకుంటాడు, ఎవరూ కానివాడు. చిన్నప్పుడు తెల్లవాళ్ళు పట్టుకుపోయి ఇంగ్లండు దాకా తీసుకెళ్ళి బడిలో వేస్తే, అక్కడ విలియం బ్లేక్ అనే కవిని చదువుకున్నాడు. ఆ కవి 1827లోనే చనిపోయాడు. కాబట్టి ఎదురుగా ఉన్నవాడు చచ్చి తిరుగుతున్న కవే అని అతని నిశ్చయం. పాపం మన గుమాస్తాకి ఒక్క పద్యం రాదు. అతన్ని పడవలో పెట్టి వచ్చిన లోకానికి సాగనంపడం తన బాధ్యత అనుకుంటాడు నోబడీ. సముద్రం దాకా నడిపిస్తాడు. ఇంతే కథ.

1995లో కాన్ చిత్రోత్సవం పోటీలో ఉన్న సినిమా ఇది, ఆ ఏడు అక్కడి పెద్ద బహుమతి బంగారు తాటాకు కుస్తురిత్సా ‘అండర్‌గ్రౌండ్’కు పోయింది. తీయడానికి దాదాపు 90 లక్షల డాలర్లయితే అమెరికాలో రాబడి 10 లక్షలు దాటి దాటనట్టు వచ్చింది. పంపిణీకి తీసుకున్న మిరామాక్స్ కొంత కత్తిరించమంటే తాను ఒప్పుకోలేదని జార్ముష్ చెప్పాడు. తన సినిమాల నెగెటివ్‌లు తన దగ్గరే పెట్టుకునే మనిషి, ఎలా ఒప్పుకుంటాడు? అమెరికాలో అందరూ నమ్మే విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగింటికి ఒకటిన్నర నక్షత్రాలిచ్చి, ఇతను ఏదో చెప్పాలనుకుంటున్నాడు, అదేమిటో నాకు అంతుబట్టలేదని రాశాడు. మరో విమర్శకుడు జొనథన్ రోజెన్‌బామ్ దీని మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు, 2000లో వచ్చింది. గ్రీల్ మార్కస్ శతాబ్దం చివరి సినిమాల్లో ఇదే గొప్పదంటూ పది కారణాలు లెక్కపెట్టాడు. ఇంకో విమర్శకుడు హోబర్‌మన్ అయితే తార్కొవ్‌స్కీ తీయాలనుకున్న వెస్టర్న్ ఇదేనన్నాడు. యూరప్ వాళ్ళు తమ ఖండం బయటి సినిమాకిచ్చే బహుమతి 1996లో దీనికిచ్చారు. ఒకే సినిమా గురించేనా వీళ్ళు మాట్లాడేది అనిపిస్తుంది.

దీన్ని అభిరుచుల తేడా అని తేల్చేసి కాఫీకి పోవచ్చు. మాస్టారి పుస్తకం చూసినప్పటినుంచీ నాకలా పోబుద్ధి కావడం లేదు. ఇందులో రాసిన చోట్లు చూస్తే జనం ఎక్కడ పడితే అక్కడ లేవలేదు. నాలుగైదు చోట్లే లేచారు. ఈ సినిమా కీళ్ళు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

మొదటి పేరు ఒక రిటైర్డ్ రైల్వే డ్రైవరుగారిది. ఆవిరి ఇంజన్ల మీద పనిచేసినాయన. సినిమా రైల్లో మొదలవుతుంది, పేర్లు పడకముందే ఏడెనిమిది నిమిషాలు. బ్లేక్ కునుకు తీస్తాడు, లేస్తాడు. లేచినప్పుడల్లా ఎదుటి బల్ల మీది మనుషులు మారిపోతుంటారు. మొదట పట్నం దుస్తులవాళ్ళు, తరవాత పల్లె జనం, ఆ తరవాత తోళ్ళు కప్పుకున్న వేటగాళ్ళు. మాటల్లేవు. చక్రాలు, పిస్టన్లు, దీపం ఊగడం. డ్రైవరుగారు ఇదంతా కళ్ళు ఆర్పకుండా చూశారట. అంతలో మసి మొహంతో ఇంజన్ ఫైర్‌మన్ పెట్టెలోకి వచ్చి బ్లేక్ ఎదురుగా కూర్చుని, జోస్యం చెప్పేవాడిలా మాట్లాడతాడు. చివరి ఊరి దాకా వచ్చావంటే నీ గోరీకి వచ్చినట్టే అన్న ధోరణి. అక్కడ లేచారాయన. మాస్టారు రాసుకున్న వాక్యం ఇది: "బాయిలర్ వదిలేసి ఫైర్‌మన్ ప్యాసింజర్ పెట్టెలోకి వస్తాడా అండీ? బండి ఎవడు నడుపుతున్నాడు?"

ఆ ప్రశ్న నేను చాలా ఏళ్ళు జోకుగా చెప్పుకు తిరిగాను. తరవాత రోజెన్‌బామ్ పుస్తకం చదివాను, ఇంకా ఏవేవో చదివాను, మళ్ళీ ఈ పుస్తకం తిరగేశాను. ఆ హాల్లో సినిమాను అందరికన్నా ముందు పట్టుకున్నది ఆయనే అని నాకిప్పుడు అనిపిస్తోంది. బొగ్గు వేసేవాడు బొగ్గు వదిలేసి లోపలికొస్తే అది మామూలు రైలు కాదు. బండి నడిపేది మనుషులు కాదు. వైతరణి పడవకి బదులు రైలు పెట్టాడు దర్శకుడు. ఆ సంగతి రైలు తెలిసినవాడికే ముందు తట్టింది. తట్టి, తప్పనుకుని, లేచి వెళ్ళిపోయాడు. ఫైర్‌మన్ మాటలు ముగుస్తూ ఉండగానే పెట్టెలో వేటగాళ్ళు కిటికీలు తెరిచి బయట దున్నలని కాల్చడం మొదలుపెడతారు. అది కల్పన కాదు. రైలు కిటికీల్లోంచి సరదాకి కాల్చేవాళ్ళు నిజంగానే ఉండేవారు. కోట్లలో ఉన్న అడవి దున్నలు 1880ల చివరికి వెయ్యిలోపుకు పడిపోయాయి, వాటి మీద బతికిన జాతులు వాటితోపాటే కూలిపోయాయి. డ్రైవరుగారు ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే బండి ఎవరు నడుపుతున్నారో తెలిసేది.

రెండో గుంపు లేచింది తుపాకి దగ్గర. వీళ్ళంతా మన కౌబాయ్ అభిమానులు. వాళ్ళలో థియేటర్లో ఆపరేటరుగా చేసిన ఒకాయన చెప్పింది ఇది: "హీరో అద్దాలు పెట్టుకుని కాలుస్తాడు, రెండు తప్పుతాయి. ఇదేం కౌబాయండీ!" నిజమే. కాగితపు పూల గదిలో బ్లేక్ చేతిలో తుపాకి వణుకుతుంది. వెస్టర్న్‌లో హీరో గురి తప్పడమంటే పెళ్ళిలో పురోహితుడు మంత్రం మర్చిపోయినట్టు. ఆయన కోపం అర్థం చేసుకోవాలి. ఈ రకం సినిమాకీ చూసేవాడికీ ఒక ఒప్పందం ఉంది. 1903 నాటి ‘ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ దగ్గర్నుంచీ ఆ ఒప్పందం మీదే టికెట్లు తెగాయి. గుర్రం మీద వచ్చేవాడికి ఒక పని ఉంటుంది, ఆ పని చెయ్యగలిగే చెయ్యి ఉంటుంది, చివరికి చేసేస్తాడు. పగ కావచ్చు, నిధి కావచ్చు. మనం అతని వెనక జీను మీద కూర్చుని పోతాం. బ్లేక్‌కు పని లేదు. ఉన్న ఒక్క పనీ రానివ్వలేదు. అతని వెనక కూర్చుంటే ఎక్కడికి పోతాం?

తరవాత మాత్రం అతను కాలుస్తాడు, గురి తప్పకుండా. అదీ నోబడీ అతని కళ్ళద్దాలు లాక్కున్నాక. అద్దాలు లేకపోతేనే బాగా కనిపిస్తుందేమో అంటాడు నోబడీ. ఇద్దరు ప్రభుత్వ మార్షల్స్ ఎదురైతే, నా కవిత్వం తెలుసా మీకు అని అడిగి కాల్చేస్తాడు గుమాస్తా. కవి కాదని పాపం ఎంత మొత్తుకున్నా వినని స్నేహితుడి మాట చివరికి తనే నమ్మేశాడు. ఆ మార్షల్స్ పేర్లు లీ, మార్విన్. అమెరికా యాక్షన్ సినిమాల కరకు వీరుడు లీ మార్విన్ మీద జార్ముష్ చేసిన అల్లరి అది. నికొలస్ రే దగ్గర సహాయకుడిగా ఉన్నవాడికి, ‘జానీ గిటార్’ తీసిన గురువు దగ్గర పాఠం నేర్చినవాడికి, వెస్టర్న్ తెలియక తప్పు తీశాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కర్మాగారం యజమానిగా రాబర్ట్ మిచమ్‌ని పెట్టాడు. 1943లో హొపలాంగ్ కాసిడీ సినిమాల్లో చిన్న వేషాలతో మొదలుపెట్టిన ముసలి సింహం. సగ్గుబియ్యం పెట్టి కుట్టిన ఎలుగుబంటి బొమ్మ పక్కన నిలబెట్టి, దాంతోనే మాట్లాడించాడు. అది ఆయన చివరి వేషాల్లో ఒకటి, రెండేళ్ళకు పోయాడు. (సగ్గుబియ్యం కాదు, గడ్డి. నోరు జారింది. ముద్రణలో అలాగే ఉంచమని సంపాదకులకు మనవి, మాస్టారు తప్పులు చెరపనిచ్చేవారు కాదు.)

మూడోది నవ్వొచ్చే విషయం. ఈ సినిమాలో ప్రతి ఘట్టం చివరా తెర మెల్లగా నల్లబడిపోతుంది, కొన్ని క్షణాలు అలాగే ఉంటుంది. మొదటిసారి జరిగినప్పుడు హాలంతా "హో" అని మూలిగింది. కరెంటు పోయిందనుకున్నారు! ఎవరో జనరేటర్ వెయ్యమని కేకేశారు. రెండోసారి తెర నల్లబడితే నవ్వారు. ఐదోసారికి ముగ్గురు లేచారు. వాళ్ళు మాస్టారికి చెప్పిన మాట, "ఆరిపోతోందండీ ఊరికే." నాకు తెలిసిన విమర్శకులెవరూ ఇంత బాగా చెప్పలేదు. ఆరిపోతున్నది బ్లేక్ స్పృహే కదా. కెమెరామన్ రాబీ మ్యులర్ నలుపు తెలుపుల మధ్య బూడిద రంగులన్నీ వాడుకుని, ఆ కాలపు పాత ఫోటోలు చూస్తున్నట్టు తీశాడు. రంగుల్లో తీస్తే దుమ్మూ ఎరుపూ కలిసి, ముందే చూసిన వందల సినిమాలు గుర్తుకొచ్చేస్తాయని జార్ముష్ భయం. 1996లో న్యూయార్క్ విమర్శకుల బృందం మ్యులర్‌కి బహుమతి ఇచ్చింది, ఈ సినిమాకీ ‘బ్రేకింగ్ ద వేవ్స్’కీ కలిపి. మంచి పనే. ఇంకేం చెప్పను, కాసేపట్లో మీరే చూస్తారు.

సంగీతం దగ్గర లేచింది ఒక్కరే, మా సంగీతం టీచరుగారు. ఆవిడ ఇవాళ రెండో వరసలో ఉన్నారు, అందుకని జాగ్రత్తగా మాట్లాడాలి. ఆవిడ చెప్పింది, "శ్రుతి చేసుకుంటున్నాడనుకుని అరగంట ఓపిక పట్టాను. ఇంకెప్పుడు పాడతాడు?" సముద్రం అవతల ఈబర్ట్ కూడా దాదాపు ఇదే అన్నాడు. చివరి అరగంటా ఎవరో గిటారుని మాటిమాటికీ కింద పడేస్తున్నట్టుందన్నాడు. వాయించింది నీల్ యంగ్. తెర మీద సినిమా నడుస్తుంటే చూస్తూ, ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ గిటారు మీద అప్పటికప్పుడు వాయించి రికార్డు చేశాడు. ముందు రాసుకున్న బాణీ లేదు. వెస్టర్న్ సంగీతానికి మనం అలవాటు పడింది సంగీత దర్శకుడు మొరికోనే ఈల వల్ల, మన మద్రాసు ఆర్కెస్ట్రాలు ఆ ఈలని ఎంత వాడుకున్నాయో మీకు తెలుసు. ఆ ఈల ముందుగానే వచ్చి, ఇప్పుడు భయపడు, ఇప్పుడు చప్పట్లు కొట్టు అని చెబుతుంది. ఈ గిటారు అలా చెప్పదు. అది మనలాగే హాల్లో కూర్చుని సినిమా చూస్తున్న ఇంకొకడి ఊపిరి. ఒకోసారి వాడికీ విసుగొస్తుంది, ఒక తీగ మీద కొట్టి వదిలేస్తాడు. టీచరుగారూ, మీరు లేవడం న్యాయమే. అది కచేరీ కాదు, పక్క కుర్చీలోవాడి గొణుగుడు. నాకు మాత్రం ఆ గొణుగుడు ఇష్టం.

ఇక అసలు చోటుకు వస్తాను. ఈ పుస్తకంలో తొమ్మిది మంది ఒకే చోట లేచారు. నోబడీ తన భాషలో మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు పడని చోట.

డీవీడీ పాడైందనుకున్నాను నేను. రిమోట్ తీసుకుని కంగారుగా నొక్కాను. పాడవలేదు. క్రీ, బ్లాక్‌ఫుట్, చివర్లో మకా, ఈ భాషల్లో ఉన్న మాటలకు జార్ముష్ కావాలనే అనువాదం వెయ్యలేదు. అప్పటికి ఐదేళ్ళ ముందు, 1990లో ‘డాన్సెస్ విత్ వుల్వ్స్’ వచ్చి ఏడు ఆస్కార్లు పట్టుకుపోయింది. అందులో లకోటా మాట్లాడితే కింద అక్షరాలొస్తాయి. తెల్ల సైనికుడు ఆ భాష నేర్చుకుంటాడు, వాళ్ళ తరఫున బాధపడతాడు, అతనితోపాటు మనమూ నేర్చుకుని బాధపడి ఇంటికి పోతాం. మంచి సినిమానే, కాదనను. కానీ అక్షరాలు మన కోసం పడ్డాయి. ఇక్కడ పడలేదు. నోబడీ వేషం వేసిన గ్యారీ ఫార్మర్ కెనడాలోని సిక్స్ నేషన్స్‌కు చెందిన కయుగా మనిషి. ఆ భాషలు అతనికీ పరాయివే, పట్టుబట్టి నేర్చుకుని పలికాడు. అందులో జోకులున్నాయట. ఆ భాష వచ్చినవాళ్ళు మాత్రం నవ్వుకోవడానికి పెట్టిన జోకులు. వెస్టర్న్ పుట్టిన తొంభై ఏళ్ళకు, అందులో ఎప్పుడూ అరుస్తూ కొండ మీంచి దిగి కాల్పుల్లో పడిపోయేవాళ్ళకు కూడా హాల్లో నాలుగు కుర్చీలు వేసి ఉంచాడొకడు.

పొగాకు సంగతి కూడా అంతే. నోబడీ మొదటినుంచీ కనబడిన ప్రతిసారీ పొగాకుందా అని అడుగుతాడు, నేను తాగనని బ్లేక్ అంటాడు. మా హాల్లో అందరూ అది మామూలు హాస్యమనుకున్నారు. అమెరికా ఖండంలో చాలా జాతులకు పొగాకు పూజాద్రవ్యం, మనకు తాంబూలం ఎలాగో అలాగ. దారి పొడుగునా అతను అడిగింది దమ్ము కొట్టడానికి కాదు. ఆఖర్న పడవలో పెట్టి పంపేటప్పుడు అతనే బ్లేక్‌కి పొగాకు ఇస్తాడు. ప్రాణం పోతూ కూడా మన గుమాస్తా పాత జవాబే ఇస్తాడు, నేను తాగనని. నేను నాలుగోసారి చూసినప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆ రాత్రి హాల్లో ఒక డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. తండా పిల్ల, ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు. తొమ్మిదిమంది లేచి గొణుక్కుంటూ వెళ్ళిపోతున్నప్పుడు ఆమె ఒక్కతే నవ్వుతోంది. మాస్టారికి వింత అనిపించి, సినిమా అయ్యాక ఆమెని కూడా అడిగారు. ఈ పుస్తకంలో లేవనివాళ్ళ పేరు రాసిన చోటు ఇదొక్కటే. ఆమె ఏమందో చూడండి: "బస్సులో మేం మా భాషలో మాట్లాడుకుంటుంటే అందరూ ఇలాగే చూస్తారండీ. వీళ్ళ మొహాలు చూస్తే నవ్వొచ్చింది."

మన సినిమాల్లో కోయదొరని ఎలా మాట్లాడిస్తామో గుర్తు చేసుకోండి. ఏ భాషా కాని ఒక కూత, నవ్వించడానికి. కోయ మాట్లాడేవాడు ఆ హాల్లో ఎక్కడో కూర్చుని ఉండొచ్చని రాసినవాడికి తట్టలేదు, తీసినవాడికి తట్టలేదు, నవ్విన నాకూ తట్టలేదు. ఆ పిల్ల మాట విన్నాకే తట్టింది. ‘డెడ్ మ్యాన్’ మీద జనం రెండుగా చీలిపోవడానికి కారణాలు చాలా చెబుతారు, నెమ్మది అంటారు, చీకటి అంటారు, అర్థం లేదంటారు. నేను తేల్చుకున్నది ఇది: ఎప్పుడూ మనకోసమే మాట్లాడే ఒక రకం సినిమా, ఒకచోట మన వైపు నుంచి మొహం తిప్పి వెనక బెంచీ వాళ్ళతో మాట్లాడింది. కొందరికి కోపమొచ్చింది. కొందరు వెనక్కి తిరిగి చూశారు. విసుగనేది పై మాట.

అంటే లేచినవాళ్ళు తప్పనడం లేదు. వాళ్ళు చెప్పిన ప్రతి మాటా సినిమాలో ఉన్నదే. గురి తప్పడం ఉంది, ఆరిపోవడం ఉంది, శ్రుతి కలవకపోవడం ఉంది, అర్థం కాని భాష ఉంది. వాళ్ళు చూసింది చూసినట్టు చెప్పారు. అబద్ధాలాడింది కూర్చున్న మేం. దీపాలు వెలిగాక గుండ్రంగా కుర్చీలు వేసుకుని మేం చేసిన చర్చ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒకరు పారిశ్రామిక విప్లవం అన్నారు, ఒకరు ఆత్మప్రయాణం అన్నారు, ఇంకొకరు ఒడిస్సీలో కూడా ‘ఎవరూ కాను’ అని చెప్పి తప్పించుకునేవాడున్నాడు అన్నారు. ఆ ఇంకొకరిని నేనే. నేను మధ్యలో పది నిమిషాలు నిద్రపోయాను, ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

సినిమాలో లోపాలు లేవా? ఉన్నాయి. కాగితపు పూల అమ్మాయి థెల్ కాసేపు కనబడి చచ్చిపోవడానికే వచ్చింది. ఆమెకి కవి బ్లేక్ పుస్తకంలోంచి పేరు తెచ్చిపెట్టారు, బతుకు ఇవ్వలేదు. నోబడీకి అంత బుర్ర, అంత హాస్యం ఇచ్చి, చివరికి తెల్లవాడి శవాన్ని గట్టుకు చేర్చే పనే అప్పగించారు. ఒడ్డున చివరికి మిగిలిన వేటగాడూ నోబడీ ఒకరినొకరు కాల్చుకుని పడిపోతుంటే పడవలోంచి చూసేది బ్లేకే. చూపు మళ్ళీ అతనిదే అయింది. సినిమాని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఈ సంగతి తొందరగా దాటేస్తారు. ఆ వేటగాడు నరమాంసం తినడం, అది జనం ఝడుసుకోవాలని పెట్టిన చవక సరుకు. మూలవాసులకు అంటగట్టిన అపవాదుని తిప్పి తెల్లవాడికి అంటించాడని సమర్థిస్తారు. సమర్థన బాగానే ఉంది, ఆ సీను బాగాలేదు.

ఆ వేటగాడే చచ్చిపడి ఉన్న ఒక మార్షల్ తల చూస్తాడు. చితుకులు చుట్టూ కిరణాల్లా పరుచుకుని, చర్చిలో బొమ్మలా ఉంటుందా తల. బూటు కాలితో తొక్కుతాడు. పుచ్చకాయ పగిలినట్టు పగులుతుంది.

మాస్టారు పోయాక ఈ పుస్తకం వాళ్ళ అబ్బాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రాత్రి పేజీ అంతా చదివాను. అట్టడుగున, అడ్డంగా, చిన్న అక్షరాల్లో ఇంకో పద్దు ఉంది. ఆయన దస్తూరీయే. "నేను: తల తొక్కిన చోట. కిందికి పోయి టీ తాగి వచ్చాను. ఎనిమిది నిమిషాలు పోయాయి. మళ్ళీ వేసినప్పుడు చూడాలి."

మళ్ళీ వెయ్యలేదు. ఏదో ఒక సాకు. కౌబాయ్ అని మోసం చేశానని ఊళ్ళో నన్ను ఆరు నెలలు ఏడిపించారు, అదో సాకు. ఆయనకు మోకాళ్ళ నొప్పులొచ్చి మెట్లెక్కడం మానేశారు. తరవాత ఆయనే లేరు.

ఇవాళ వేస్తున్నాం. పది నిమిషాల్లో మొదలవుతుంది, 121 నిమిషాలు, మధ్యలో ఇంటర్వెల్ లేదు. తెర నల్లబడితే కరెంటు పోయినట్టు కాదు. కింద అక్షరాలు పడకపోతే డీవీడీ పాడైనట్టు కాదు. తలుపు దగ్గర ఆ మడత కుర్చీలో నేను కూర్చుంటాను. లేవాలనిపిస్తే మొహమాటపడకుండా లేవండి. పోయేముందు ఎక్కడ లేచారో ఒక్క మాట చెప్పి వెళ్ళండి, ఈ పుస్తకంలో ఇంకా చాలా కాగితాలున్నాయి.